ఏది భద్రత, ఏది కాదు?

అణు విద్యుత్ కేంద్రంలో యంత్రాలకు రెండు జాబితాలు. రియాక్టర్‌ని ఆపేవి, చల్లబరిచేవి భద్రతకు సంబంధించినవి. కరెంటు పుట్టించే టర్బైన్ రెండో జాబితాలోది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో విరిగింది ఈ టర్బైన్ బ్లేడ్లే. జనరేటర్‌లోని హైడ్రోజన్ అంటుకుంది. అత్యవసర సరఫరా కేబుళ్లు కూడా మామూలు కేబుళ్ల పక్కనే ఉండటంతో అన్నీ కలిసి కాలిపోయాయి. దాదాపు 17 గంటలు కేంద్రానికి కరెంటు లేదు. రియాక్టర్ ఆగినా దాని వేడి ఆగదు కదా! మంటలార్పే డీజిల్ పంపులతో నీళ్లు తోడి గట్టెక్కించారు.

మన కోనసీమలో రియాక్టర్ లేదు, గ్యాస్ పైపులున్నాయి. గ్యాస్‌లోంచి తడి తీసే యూనిట్ అంటే వినడానికి నాణ్యత వ్యవహారంలా ఉంటుంది. అది లేకుండానే, పొడి గ్యాస్‌కని వేసిన గెయిల్ పైపులో తడి గ్యాస్ పారింది. లోపల తుప్పు తినేసింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో ఇరవై మందికి పైగా చనిపోయారు.

జాబితాలు వద్దనను. అన్నిటికీ ఒకే శ్రద్ధ పెట్టడం ఎవరి వల్లా కాదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం బగ్గులకు రోజూ చేసే పని ఇదే. అయితే జాబితా రాసేటప్పుడు ‘ఇది పనిచేయకపోతే ఏం ఆగుతుంది’ అని చూస్తారు. ‘ఇది పాడైతే పక్కనున్నదానికి ఏమవుతుంది’ అన్నది వేరే ప్రశ్న. రాసేవాళ్లు పైపు పక్కన కాపురముండరు కాబట్టి అది వాళ్లకు తట్టడం కష్టం. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు కేంద్రం ప్రతిపాదన ఉంది. అక్కడి ఊళ్లవాళ్లకు రియాక్టర్ గురించి ఎవరో ఒకరు చెప్తారు. టర్బైన్ గురించి ఎవరు చెప్తారు?