గుడారపువారికి మందిరములో ఒక గది

ధ్యానభాగము: యిర్మీయా గ్రంథము 35వ అధ్యాయము



చలి వెనుకబడి ఎండ ముదిరే దినములలో మన గౌనిపల్లి చుట్టుపట్ల గుట్టలమీద బోదగడ్డి ఎండి అట్టలు కట్టును. ఎవడో కాల్చి పారవేసిన బీడీ ముక్క చాలును. రాత్రివేళ దూరమునుండి చూచినప్పుడు గుట్టకు ఎర్రని దండ వేసినట్లు మంట కనబడును. మనము మిద్దె మీద నిలిచి చూచి, తెల్లవారేసరికి ఆరిపోవునులే అని పోయి పడుకొందుము. మామిడి తోటలున్నవారు లేచి గట్టుదాక పోయి చూచి వత్తురు. గుట్ట క్రింద మంద వేసికొని దిగిన గొర్రెల కాపరి మాత్రము ఆ రాత్రి కన్ను మూయడు. అతనికి ఇల్లు లేదు. ఒక గొంగడి, నాలుగు వెదురుబద్దలు, వంట కుండలు, గొర్రెలు, వాటిని కాచు ఒకటి రెండు కుక్కలు. గాలి ఎటు తిరిగిన అటునుండి అతడు లేచిపోవలెను.

అమెరికాలోనున్న మన పిల్లలు అక్కడి కార్చిచ్చులను గూర్చి ఫోనులో చెప్పుచుందురు గదా. అక్కడ ఒక విధమైన బండి యున్నది. దానిని మోటర్‌హోమ్ అందురు. లారీయంత పొడవు, లోపల మంచము, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అన్నియు నుండును. కొందరు సరదాకు కొనుక్కొని తిరుగుదురు. మరికొందరు అద్దెలు కట్టలేకయో, ఉన్న ఇల్లు కాలిపోయియో అందులోనే కాపురముందురు. వారిలో అనేకులకు తోడు ఒక కుక్క. చక్రముల మీద ఇల్లు, పక్కన కుక్క, కొండమీద మంట. మన గుట్ట క్రింది కాపరికిని వారికిని పేరు మాత్రమే వేరు.

2018వ సంవత్సరము నవంబరు 8వ తేదీ ఉదయమున ఉత్తర కాలిఫోర్నియాలో పారడైజ్ అను ఊరు కొన్ని గంటలలో కాలిపోయెను. ఆ పేరునకు మన బైబిలు భాషలో పరదైసు అని అర్థము. అక్కడ కాపురమున్నవారు సుమారు 26 వేలమంది. 85 మంది ప్రాణములు పోయెను. 18 వేలకు పైగా కట్టడములు బూడిదయ్యెను. కారణమేమని విచారింపగా, దాదాపు నూరేండ్లనాటి కరెంటు స్తంభమునకున్న ఒక చిన్న ఇనుప కొక్కెము ఏండ్ల తరబడి అరిగి, ఆ ఉదయమున తెగినదని తేలెను. యాకోబు భక్తుడు తన పత్రిక మూడవ అధ్యాయములో నాలుకను కొంచెము నిప్పుతో పోల్చి, అది ఎంత అడవినైనను తగులబెట్టునని హెచ్చరించెను. మనము దానిని చాడీలు చెప్పువారికి చెప్పిన మాటగా వినుచు వచ్చితిమి. కాని చూడవలసినవాడు చూడక విడిచిన కొక్కెమును అటువంటిదే. ఆ విద్యుత్ కంపెనీ 2020లో 84 మంది మరణముల విషయమై న్యాయస్థానములో నేరము ఒప్పుకొనెను.

మంట ఆరిన తరువాతి సంగతి మనకు మరి ముఖ్యము. ఇండ్లు పోయినవారు పక్కనున్న చీకో పట్టణమునకు వేలకు వేలుగా చేరిరి. ఒక పెద్ద అంగడి ముందర కార్లు నిలుపు మైదానములో గుడారములు, మోటర్‌హోమ్‌లు వరుసగా నిలిచెను. పారడైజ్ ఊరి సభవారు మొదట దయతలచి, కాలిన స్థలములోనే మోటర్‌హోమ్ నిలుపుకొని ఉండవచ్చునని అనుమతి యిచ్చిరి. అయితే విషపు బూడిద తీయకమునుపే మనుష్యులు అక్కడ కాపురముండినయెడల సహాయపు ధనము నిలిచిపోవునని కేంద్ర ప్రభుత్వపు సంస్థ హెచ్చరించెను. అందుచేత 2019 ఫిబ్రవరిలో ఆ అనుమతి రద్దాయెను. అట్టి బూడిద మీద కాపురము మంచిది కాదు, నిజమే. అయినను, ఒకసారి అగ్నిచేత, మరియొకసారి ఆజ్ఞచేత లేచిపోవలసి వచ్చిన ఆ కుటుంబములను తలంచుడి. మన తెలుగులో ఒకని ఇల్లు కాలుచుండగా మరియొకడు చుట్టకు నిప్పు అడిగెనను సామెత యున్నది. చుట్ట అడుగనివారును, కాలిన ఇంటివానిని చూచి నీవు ఇక్కడ ఉండకూడదు అనుటకు మాత్రము నోరు తెరతురు.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. రేకాబీయులను ఒక జనమును గూర్చి యిర్మీయా వ్రాసెను. వారు ఇండ్లు కట్టుకొనరు, విత్తనము వేయరు, ద్రాక్షారసము త్రాగరు. తమ పితరుడైన యోనాదాబు ఆజ్ఞాపించిన ప్రకారము గుడారములలోనే బ్రదికిరి. కొన్ని తరములు ఆలాగు గడిచిన తరువాత, యెహోయాకీము దినములలో నెబుకద్రెజరు సేన దేశము మీదికి వచ్చెను. ఊళ్లు తగులబడు కాలమది. గుడారము మంటకు తాళదు, సేనకు అంతకంటె తాళదు. గనుక వారు యెరూషలేము ప్రాకారము లోపలికి వచ్చిరి. తమ గొఱ్ఱెలతో వచ్చిరో, కుక్కలతో వచ్చిరో వ్రాయబడలేదు గాని మందలు మేపు జనము కుక్క లేకుండ బ్రదుకుట కష్టము. యోబు సయితము తన మందను కాయు కుక్కలను గూర్చి మాటలాడెను గదా.

పట్టణములో ఇండ్లున్నవారు ఈ గుడారపువారిని ఎట్లు చూచియుందురో మనము ఊహింపవచ్చును. అయితే దేవుడు యిర్మీయాతో ఏమి చెప్పెను? వారిని మందిరములోనికి తోడుకొని రమ్మనెను. ప్రవక్త వారిని ఏ వసారాలోనో నిలువబెట్టలేదు. అధికారుల గదికి పక్కగదిలోనికి, ద్వారపాలకుని గదికి పైనున్న గదిలోనికి పిలుచుకొనిపోయెను. గది ఎవరిదో, ఎచ్చటనున్నదో వాక్యము వివరముగా వ్రాసియుంచెను. నాకు ఈ అధ్యాయములో ఎంతో విలువైనది ఆ వివరమే. సాధారణముగా ప్రసంగీకులు వారి విధేయతను మాత్రమే చెప్పి గదిని దాటిపోవుదురు. విధేయత గొప్పదే, దేవుడు దానిని మెచ్చుకొని వారికి వాగ్దానము చేసెను. కాని గది తెరువబడినందుననే గదా ఆ విధేయత యూదావారి కంటబడినది!

స్థిరపడినవారమని మనము అనుకొనుచున్నాము. మన తెలుగు బాప్తిస్టుల పుట్టుక ఎక్కడిది? 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న జనమునకు పని చూపించిరి. వారు కాలువ గట్టున పాకలలో దిగిరి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ కరవు వెనుకనే. పాకల జనమును, వలసకూలీలను పోగుచేసి దేవుడు సంఘము కట్టెను. అటుపైన కోలారు బంగారు గనుల మాట చూడుడి. గని ఉన్నన్నాళ్లు క్వార్టర్సు మనవే అనుకొంటిమి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. ఆ తరువాత ఎందరు చీకటితో లేచి బెంగళూరు రైలు ఎక్కుచున్నారో మన కుటుంబములకు ఎరుకే. ఇశ్రాయేలీయులు కనానులో ఇండ్లు కట్టుకొనిన తరువాతకూడ ఏటేట ఏడు దినములు పర్ణశాలలలో నివసింపవలెనని లేవీయకాండము 23వ అధ్యాయములో దేవుడు నియమించెను. మిద్దె క్రింద పుట్టిన పిల్లలకు తమ తాతలు ఆకుల పందిరిలో పడుకొనిరని తెలియుటకే ఆ పండుగ.

కుక్క సంగతి కొంచెము ఎక్కువ చెప్పవలెను, ఏలయనగా చిక్కంతయు అక్కడనే వచ్చును. బైబిలులో కుక్కకు మంచి పేరు లేదని ఒప్పుకొందును. అయినను ధనవంతుని వాకిట పడియున్న లాజరు యొద్దకు వచ్చినవి కుక్కలే, ఇంటిలోనివారు వచ్చినట్లు వ్రాయబడలేదు. కనాను స్త్రీ ప్రభువుతో వాదించి గెలిచినది బల్లక్రింది కుక్కపిల్లలను చూపించియే. యోనా గ్రంథపు చివరి మాటలో నీనెవె పట్టణపు పశువులను దేవుడు లెక్కించెను. యోవేలు మొదటి అధ్యాయములో అగ్ని మేతబీళ్లను కాల్చివేసినప్పుడు అడవి మృగములు సయితము దేవునివైపు చూచినవని యున్నది.

2005లో కత్రీనా తుపాను న్యూ ఆర్లియన్సును ముంచినప్పుడు, రక్షించుటకు వచ్చిన వాహనములలో కుక్కలకు చోటు లేదనిరి. అనేకులు కుక్కను విడిచి రామని మునుగుచున్న ఇండ్లలోనే ఉండిపోయిరి. కొందరు అందుచేతనే చనిపోయిరి. మరుసటి సంవత్సరము, 2006లో, ఆ దేశము ఒక చట్టము చేసెను. ఆపత్కాలమున జనులను తరలించు ఏర్పాటులలో పెంపుడు జంతువులకు కూడ ఏర్పాటు చూపవలెనని దాని సారము. ఒక దేశపు ప్రభుత్వము ఇంత నేర్చుకొనుటకు ఒక పట్టణము మునుగవలసి వచ్చెను. ఒంటరి ముసలివానికి, పిల్లలు దూరమైన విధవరాలికి ఆ ప్రాణి ఏమైయున్నదో మనము తూచి చెప్పలేము. పారడైజ్ కాలిన తరువాత ఒక కుక్క దాదాపు నెల దినములు తన ఇల్లున్న బూడిద యొద్దనే కాచియుండి, యజమానురాలికి తిరిగి అక్కడనే కనబడెను. ఇటువంటి దానిని విడిచి రమ్మని చెప్పుట సులభము. వారు రారు.

మన సంఘములలో ఒక చోట, ఊరి పేరు అక్కరలేదు, రెండేండ్ల క్రిందట గుట్టకు నిప్పంటుకొనిన రాత్రి గొర్రెల కాపరులు వచ్చి మందిరపు ఖాళీ స్థలములో మంద వేసికొందుమని అడిగిరి. పెద్దలలో ఒకరు గేటు యొద్ద నిలిచి, "గొర్రెలంటే సరే, కుక్కల్ని మందిరం కాంపౌండులోకి రానిస్తే రేపు ఆరాధనకు వచ్చేవాళ్లు ఏమంటారు?" అనిరి. అక్కడనున్న ఒక అవ్వ ఊరకుండలేదు. "ఏమప్పా, వారం వారం కాపరి కతలే చెప్తారు కదా మీరు? నిజం కాపరి వచ్చి నిలబడితే గేటు మూస్తారా?" అని అడిగెను. గేటు తెరిచిరి. మూడు రాత్రులు ఉండిపోయిరి. వారు పోయిన తరువాత మిగిలిన ఎరువుతో మందిరపు టెంకాయ చెట్లు బాగుపడెనని విన్నాను, అది వేరు సంగతి.

ఆ పెద్దగారిని ఎగతాళి చేయుటకు ఇది వ్రాయలేదు. కుక్కకాటు భయము వట్టి భయము కాదు. పిచ్చికుక్క రోగము సోకిన మనిషి బ్రదుకుట బహు అరుదు. అందుకు మందు గేటు మూయుట కాదు. పశువుల ఆసుపత్రిలో టీకా వేయించుట, మందిరపు వెనుకవైపు గొలుసు కట్టుటకు రెండు గుంజలు పాతించుట, ఒక తొట్టిలో నీళ్లు పోయుట. ఇంతే పని. దీనికి చందా కూడ అక్కరలేదు.

చక్రముల ఇంటిలోనున్నవారికిని ఒక మాట. బండి ఉన్నది గనుక ఎప్పుడైనను పోగలమని ధైర్యపడకుడి. 2019 ఫిబ్రవరి 23న మన పొరుగున యెలహంకలో విమానముల ప్రదర్శన జరుగుచుండగా, కార్లు నిలిపిన మైదానములో ఎండుగడ్డి అంటుకొని సుమారు 300 కార్లు కాలిపోయెను. అవన్నియు చక్రములున్నవే. పారడైజ్‌లో తప్పించుకొను దారులు బండ్లతో నిండి, కొందరు కారులోనే చనిపోయిరి. కాబట్టి ఎండుగడ్డి మీద వేడి బండి నిలుపకుడి. బండి ముఖము రోడ్డువైపు ఉంచుడి. టాంకు సగము కంటె తగ్గనియ్యకుడి. గ్యాస్ సిలిండరు మూసి పడుకొనుడి. కుక్క గొలుసు, దాని గిన్నె, మీ కాగితములు తలుపు యొద్దనే ఉండవలెను. లేచిపొమ్మని కబురు వచ్చిన తరువాత వెదకుట మొదలుపెట్టకూడదు. లోతు భార్యను జ్ఞాపకము చేసికొనుడని ప్రభువు చెప్పినది మేడ మీదనున్నవానికి మాత్రమే కాదు. లోతునకైతే దూతలు చెయ్యి పట్టి లాగవలసి వచ్చెను.

మన అసోసియేషనులోని ప్రతి సంఘమును ఈ ఎండాకాలము రాకమునుపే ఒక పని చేయవలెనని కోరుచున్నాను. మందిరపు గేటు తాళము చెవి రాత్రి ఎవరియొద్ద ఉండునో నిర్ణయించి, ఆ సంగతి తోటలలో కాపురమున్న కూలీలకు, మంద వేయు కాపరులకు ముందుగానే చెప్పుడి. అర్ధరాత్రి వారు అడుగుటకు సిగ్గుపడుదురు. పైదేశములలోనున్న మన సంఘములవారు, మీ మందిరపు కార్ల మైదానము ఆదివారము తప్ప తక్కిన దినములు ఖాళీయే గదా, ఒక కరెంటు తీగె, ఒక నీళ్ల కొళాయి చూపించుడి. కుక్క ఉన్నదా అని ముందు అడుగకుడి.

ఆ రేకాబీయుల కథలో మరి కొంచెము మిగిలియున్నది. కొన్ని ఏండ్లకు యెరూషలేము ఇండ్లన్నియు, వారు కూర్చుండిన గదితో కూడ, కాలిపోయెను. నూరేండ్లు దాటిన తరువాత నెహెమ్యా ప్రాకారము కట్టించినప్పుడు, ఎవరెవరు ఏ భాగము బాగుచేసిరో పేర్లు వ్రాసియుంచెను. మూడవ అధ్యాయము 14వ వచనము చూడుడి. ఎవరికిని ఇష్టము లేని చోటు, పట్టణపు చెత్త బయటికి పోవు పెంటగుమ్మము. దానిని కట్టి, తలుపులు నిలిపి, గడియలు అమర్చినవాడు రేకాబు కుమారుడైన మల్కీయా.