ఇన్సులిన్ సూది కూడా అమానతే



దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని దైవప్రవక్త (సఅసం) బోధించారు. దారిలో ముల్లు కనిపిస్తే తీసి పక్కన వేస్తాం. మరి షుగరుకు వాడిన సూదిని చెత్తబుట్టలో పడేస్తున్నామే, అది ముల్లు కాదా? తెల్లవారి ఆ చెత్త ఎత్తే కార్మికురాలి చేతికి అది గుచ్చుకుంటే హెపటైటిస్, హెచ్‌ఐవి లాంటి వ్యాధులు సోకే ప్రమాదం ఉంది. ఇది సాటి మనిషి హక్కు. రేపు ప్రళయదినాన జవాబు చెప్పవలసిన హక్కు.

మన శరీరం కూడా అల్లాహ్ అప్పగించిన అమానతే. వ్యాధి వస్తే వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (సఅసం) ఆదేశం. 1922లో టొరంటోలో మొదటిసారి ఒక బాలునికి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు చిన్నతనంలో ఈ జబ్బు వస్తే బతకడమే అరుదు. ఇంతటి అనుగ్రహాన్ని సరైన పద్ధతిలో వాడుకోవడమే దానికి షుక్ర్.

ఏం గుర్తుంచుకోవాలి?

* 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల సీసాకు నారింజ మూత సిరంజి వాడాలి. 100 సీసా మందును 40 సిరంజితో తీస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

* రోజూ ఒకేచోట గుచ్చితే అక్కడ గడ్డ కడుతుంది, మందు సరిగా ఒంటబట్టదు. ప్రతిసారీ వేలెడు దూరం జరపాలి.

* అత్తాకోడళ్లిద్దరికీ షుగరున్నా సూది పంచుకోరాదు. సూది మార్చినా సరే, పెన్ను పంచుకోరాదు.

* మన సీమ ఎండలకు మందు చెడిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టనీయరాదు.

* వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, ఆస్పత్రిలో అప్పగించాలి.

రమజాన్‌లో సూది వేసుకుంటే రోజా భంగమవుతుందని కొందరు మానేస్తుంటారు. చర్మం కింద ఇచ్చే ఇటువంటి సూదితో రోజా భంగం కాదని జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1997లో తీర్మానించింది. అయితే ఉపవాసానికి ముందే డాక్టరును అడిగి మోతాదు మార్పించుకోవాలి. చక్కెర 70 కంటే తగ్గితే రోజా విరమించాలి. రోగికి ఆ సడలింపు ఇచ్చింది అల్లాహ్‌యే.

తిరుపతి రుయాకో, స్విమ్స్‌కో, చిత్తూరు ప్రభుత్వాస్పత్రికో వెళ్లినప్పుడు మందు తీసుకుని వచ్చేయకండి. నర్సు ఎదుట ఒకసారి సూది వేసుకుని చూపించండి. పర్దా పాటించే తల్లులు మహిళా నర్సును అడగవచ్చు. తెలియనిది అడిగి నేర్చుకోవడంలో సిగ్గు లేదు.

మన వల్ల మన శరీరానికీ, పరుల శరీరానికీ హాని జరగకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.