దినం ఎవరిది?

మా చిన్నతనంలో సాక్చిలోని మా ఇంట ఉదయం వారానికొక వేళకు అయ్యేది. నాన్నగారికి 'ఎ' షిఫ్టు వచ్చిన వారం తెల్లవారుజామున నాలుగు గంటలకు, 'బి' షిఫ్టు వచ్చిన వారం లోకమంతటితోబాటు, 'సి' షిఫ్టు వచ్చిన వారం మధ్యాహ్నం రెండు గంటలకు. ఈ మూడవ వారంలో ఆయన తెల్లవారిన తరువాత ఇల్లు చేరి, స్నానం చేసి, అన్నం తిని, కిటికీకి తడిగుడ్డ కట్టించుకొని పడుకొనేవారు. వీధిలో గోలీలాడే పిల్లలను అమ్మ నోరు విప్పకుండా చేతి సైగతోనే తరిమేది. ఒకనాడు మా చెల్లెలు, "నాన్నకు ఇప్పుడు రాత్రా?" అని అడిగినది. "అవును" అన్నది అమ్మ. "మరి నీకు?" అన్నది చెల్లెలు. అమ్మ జవాబు చెప్పలేదు. పొయ్యి మీద ఏదో మాడుతున్నదని లేచి వెళ్ళినది.

మా ఊరిలో అట్టి ప్రశ్న పుట్టడంలో వింత లేదు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దాపున ఉండిన సాక్చి పల్లెలో 1911 చివర పెద్ద కొలిమి రాజుకొన్నది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వెలువడినది. 1919లో చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఊరికంతటికీ జంషెడ్‌పూర్ అని పేరు పెట్టగా, సాక్చి అన్న పేరు అందులో ఒక పేటకు మిగిలినది. బ్లాస్టు ఫర్నేసును ఒకసారి వెలిగించిన తరువాత ఏండ్ల తరబడి ఆర్పరు. దానికి రాత్రి లేదు, అమావాస్య లేదు, సంక్రాంతి లేదు. దానికి రాత్రి లేదు కాబట్టి మనుష్యులు తమ రాత్రులను వంతులు వేసుకొన్నారు. ఉదయం ఆరు నుండి రెండు, రెండు నుండి పది, పది నుండి మరల ఆరు. శ్రీకాకుళం పల్లెలో కోడికూతతో లేచి దీపాలవేళకు నడుము వాల్చే వంశంలో పుట్టిన మా నాన్నగారు, జీవితంలో ముప్పది రెండేండ్లు ఆ మూడు ముక్కల దినంలోనే గడిపినారు.

నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పినచో పాఠకులు మన్నింతురు గాక. హిందీకీ తెలుగుకూ మధ్య మాటలు మోయడం నా పని. మన తెలుగులో 'పొద్దు' అన్న మాట సూర్యునికీ చెల్లును, కాలానికీ చెల్లును. పొద్దు పొడుచును, పొద్దు వాలును. ఏమీ తోచనివానికి పొద్దు పోదు. సూర్యుడూ కాలమూ మన పూర్వులకు ఒక్కటే పదార్థం. హిందీవారి 'రోజ్' ఫారసీ నుండి వచ్చినది. దానినే మనము 'రోజు' చేసుకొన్నాము. ఆ మాట కడుపునే 'రోజీ' పుట్టినది, అనగా జీవనోపాధి. 'పొద్దు' ఆకాశం నుండి దిగినది, 'రోజీ' కూలిలెక్క నుండి ఎక్కినది. వీటిలో దేనిని అనువదించవలసి వచ్చినా నాకు రెండవది గుర్తుకు రాక మానదు.

ఇంతకూ ఈ ఆలోచన ఎందుకు వచ్చినదో చెప్పలేదు. ఒక చలికాలపు మునిమాపు, సాక్చి ప్రక్కనే ఉన్న జూబిలీ పార్కులో నడుస్తుండగా, ఒక పిల్లవాడు తాతగారి చేయి గుంజి పైకి చూపినాడు. పడమటి నుండి ఒక వెలుగుచుక్క, మిణుకు లేకుండా, చప్పుడు లేకుండా, నాలుగైదు నిమిషాలలో ఆకాశాన్ని దాటి భూచ్ఛాయలో అణగిపోయినది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమట. 2000 నవంబరు 2 నుండి ఒక్కనాడైనా మనుష్యులు లేకుండా లేని ఇల్లు అది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో గంటన్నరకొకసారి భూమిని చుట్టివచ్చును. అందులో సాధారణంగా ఏడుగురు ఉందురు. మన ఇరువది నాలుగు గంటలలో వారికి సుమారు పదహారు ఉదయాలు, పదహారు అస్తమయాలు.

పదహారు సంధ్యలు! నిష్ఠాపరుడైన ఒక శ్రోత్రియుని అక్కడికి పంపితే అతడు అర్ఘ్యమిచ్చి చేయి తుడుచుకొనేలోగా మరల సంధ్య వచ్చిపడును. ఇది పరిహాసం కొరకు అనలేదు. 2007లో మలేషియా దేశస్థుడు షేక్ ముజాఫర్ షుకూర్ అక్కడికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, ఆ దేశపు మతపండితులు నమాజు వేళల గురించి నిజంగానే సభ చేసి ఆలోచించినారు. నమాజులు ఇరువది నాలుగు గంటలకు ఐదే. వాటి వేళలను అతడు బయలుదేరిన చోటి కాలాన్ని బట్టి లెక్కించుకోవచ్చునని వారి నిర్ణయం. ఆ నిర్ణయం నాకెంతో నచ్చినది. కంటిముందు ఉదయించే సూర్యుని కాదని, విడిచివచ్చిన నేల మీది సూర్యుని అతడు నమ్ముకోవలెను. శ్రీకాకుళం విడిచి వచ్చిన మా అమ్మ ఇక్కడి సైరను మ్రోతల మధ్య ఏకాదశులు లెక్కపెట్టుకొన్నదీ ఆ విధంగానే.

ఆ కేంద్రంలోని గడియారాలు మాత్రం గ్రీనిచ్ కాలాన్ని చూపును. హ్యూస్టన్‌కూ మాస్కోకూ అది నడిమి కాలం. అనగా అక్కడ దినమన్నది దొరికేది కాదు, కూర్చుని ఒప్పందంగా చేసుకొన్నది. దానిని ఎవరు చేయవలెను? చేసిన దినంలో ఎంత భాగం ఎవరికి చెందును? ఇది వినగానే కార్మిక సంఘపు ప్రశ్నవలె తోచును. నా దృష్టిలో ఇది ధర్మశాస్త్రపు ప్రశ్న కూడా.

అక్కడి పనిదినం ఐదేసి నిమిషాల ముక్కలుగా ముందే వ్రాయబడి ఉండును. తెర మీద ఒక ఎర్రగీత గడియారంతోబాటు జరుగుచుండును. అది తన పని గడిని దాటిపోయినదంటే వ్యోమగామి వెనుకబడినాడన్నమాట. నిద్రకు ఎనిమిదిన్నర గంటలు, పనికి సుమారు ఆరున్నర, వ్యాయామానికి రెండు, రెండున్నర. తక్కినది భోజనం, సంప్రదింపులు, మరునాటి పనికి సన్నాహం. ఆ పనిలో పత్రికలు వ్రాసే వీరకృత్యాలు ఎన్ని? మన తెలుగు రక్తం ఉన్న రాజా చారిని తీసుకొందాము. ఆయన తండ్రి హైదరాబాదు నుండి అమెరికాకు వలస వెళ్ళినవారు. 2021 నవంబరు నుండి 2022 మే వరకు ఆయన అక్కడ ఉన్నారు. అందులో కేంద్రం వెలుపలికి వచ్చి శూన్యంలో పనిచేసినది రెండు దినాలు, 2022 మార్చి 15, 23 తేదీలు. తక్కిన దాదాపు ఆరు నెలలూ ఇల్లు నిలబెట్టుకొనే పని, పరిశోధనల పని. గాలి జల్లెడల దుమ్ము దులపడం, గొట్టాలు మార్చడం, మరుగుదొడ్డి బాగుచేయడం, రక్తం తీసి భద్రపరచడం, శనివారం నాడు ఇల్లంతా తుడవడం. చెమట, మూత్రం, ఊపిరిలోని తేమ, అన్నీ మరల త్రాగునీరై రావలెను. ఈ నీటిలో 98 శాతం తిరిగి రాబట్టగలిగినట్లు 2023లో ప్రకటించినారు. ఇల్లాలికి ఇది కొత్త విద్య కాదు. ఏ ఇంటనైనా ఇల్లు నడిపే పనే ఎక్కువ, ఇంటి నుండి లోకానికి కనిపించే పని తక్కువ.

వ్యాయామం సంగతి మరింత చిత్రమైనది. భూమి మీద నిలబడడమే ఒక వ్యాయామం. దానికి మనము కూలి అడుగము. బరువు లేని చోట ఎముక నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు చొప్పున క్షీణించును. కాబట్టి మనకు భూమి ఊరకే చేయించే పనిని అక్కడ పట్టీలు బిగించుకొని ప్రతిదినం చేయవలెను. ఆ రెండు గంటలు యజమానివా, మనిషివా? కొలిమి వద్ద మా నాన్నగారు ఎనిమిది గంటలు అమ్మి, తన ఒంటిని తాను ఇంటికి తెచ్చుకొనేవారు. ఆ పైనున్నవానికి ఇంటికి తెచ్చుకొనే ఒళ్ళు వేరుగా లేదు. అదే పనిముట్టు, అదే పరిశోధన వస్తువు. 1984లో రాకేశ్ శర్మ సాల్యూత్-7లో చేసిన యోగాసనాలు కూడ పరిశోధనలో భాగాలే.

ఈ ప్రశ్న ఒకసారి నిజంగానే పైకి వచ్చినది. స్కైలాబ్ అన్న పేరు నా ఈడువారికి మరపురాదు. 1979 జూలైలో అది నెత్తిన పడునని పల్లెలలో ఎంత గగ్గోలు! అది పడడమే మనకు తెలియును గాని, అందులో మనుష్యులు బ్రతికిన సంగతి ఎవరు తలచుకొన్నారు? 1973 నవంబరులో జెరాల్డ్ కార్, ఎడ్వర్డ్ గిబ్సన్, విలియం పోగ్ అనే ముగ్గురు అక్కడ 84 దినాలుండుటకు వెళ్ళినారు. ముగ్గురికీ అదే తొలి ప్రయాణం. వారికి ముందు వెళ్ళినవారు చేయవలసిన దానికన్న ఎక్కువ పని చేసి మెప్పు పొందినారు. ఆ ఎక్కువే కొత్తవారికి కొలత అయినది. ఇట్టిది కర్మాగారాలలో అందరికీ తెలిసిన కథ: చురుకైనవాడు ఒకనాడు ఉత్సాహంతో ఎత్తిన బరువు మరునాటికి తక్కినవారి కూలిలెక్కలోకి ఎక్కును. కార్ బృందానికి ఒక పని చోటి నుండి మరొక పని చోటికి చేరే వ్యవధి సైతం చాలలేదు. తిండివేళలు, సెలవుదినాలు పనిలో కరగిపోయినవి. చివరకు 1973 డిసెంబరు 30న వారూ భూమి మీది అధికారులూ మనసు విప్పి మాట్లాడుకొన్నారు. వారు సమ్మె చేసినారని లోకంలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది నిజం కాదని ఆ ప్రయాణికులే చెప్పినారు. సమ్మె అయి ఉంటే కథకు రక్తి వచ్చును, నిజమే. నాకు మాత్రం ఆ సంభాషణయే గొప్పదిగా తోచును. ఆపైన భోజన, వ్యాయామ, విశ్రాంతి వేళలలో పని చొప్పించడం మానినారు. చిల్లర పనులకు వేళ నిర్ణయించక, పట్టిక ఒకటి వ్రాసిపెట్టి, తీరినప్పుడు చేసుకొమ్మన్నారు. తరువాతి వారాలలో పని తగ్గలేదు, పెరిగినది.

పెరిగినది కాబట్టి విశ్రాంతి మంచిదని వాదించేవారున్నారు. ఆ వాదం నాకు సమ్మతం కాదు. పని పెరుగకుండిన ఎడల ఆ ముగ్గురికి కిటికీ వద్ద కూర్చునే హక్కు లేకపోయేదా? భూమిని చూచుటకు, సూర్యుని చూచుటకు, ఊరక ఆలోచించుటకు తీరిక కావలెనని వారు కోరినారు. అది ఇంకొక పనికి పెట్టుబడిగా కోరలేదు.

మా ఊరికి ఈ విషయంలో గర్వించదగిన సంగతి ఒకటి ఉన్నది. ఇక్కడి కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చినది. అమెరికాలో అతి పెద్ద ఉక్కు కంపెనీ పన్నెండు గంటల దినాన్ని విడిచినది 1923లో. స్వతంత్ర భారతంలో కర్మాగారాల చట్టం వచ్చినది 1948లో. అయినప్పటికీ ఇదే ఊరిలో 1920లో, 1922లో, 1928లో పెద్ద సమ్మెలు జరిగినవి. గంటలు లెక్కపెట్టినంత మాత్రాన దినం మనిషి చేతికి రాదని వాటిని చూచినవారికి తెలియును. వ్యోమగామినీ కూలివానినీ ఒక్క త్రాసులో తూచరాదని అనవచ్చును. ఒకడు కోరి వెళ్ళినవాడు, కీర్తి పొందినవాడు. ఇంకొకడు రోజీ కొరకు వచ్చినవాడు. ఒప్పుకొందును. కాని ఎర్రగీతకు ఈ భేదం తెలియదు.

ఇంతవరకు చెప్పినదంతా నేను పుస్తకాలలో చదివి అనుకొన్నదే. ఒక్క సంగతి మాత్రం నన్ను నిలవేసినది. ఆ పైనున్నవారు రాత్రి అనుకొన్న వేళ హాయిగా నిద్రింతురు గదా, అప్పుడు ఆ ఇంటిని ఎవరు కాచుచున్నారు? హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రంలో మనుష్యులు మూడు షిఫ్టులలో, ఇరువది నాలుగు గంటలూ మేలుకొని ఉందురు. పైవారి గాలి, నీరు, ఉష్ణం అన్నీ వీరు చూతురు. పదహారు ఉదయాలున్న చోట ఒక్క పగలూ ఒక్క రాత్రీ నిలుచుటకు, ఒక్క ఉదయమే ఉన్న నేల మీద కొందరు తమ రాత్రులను విడువవలసి వచ్చినది. కొలిమి పైకి వెళ్ళలేదు, క్రిందనే ఉన్నది.

ఇది చదివిన నాడు చెల్లెలి ప్రశ్నకు జవాబు నాకు తట్టినది. తట్టి, సిగ్గు కూడ కలిగినది. నాన్నగారి ఎనిమిది గంటలకు ఒక సైరను ఉన్నది, ఒక సంఘం ఉన్నది, ఒక చట్టం ఉన్నది. నాలుగు గంటలకు లేచి ఆయనకు డబ్బా కట్టి, ఏడు గంటలకు మాకు వడ్డించి, 'సి' షిఫ్టు వారం పగలంతా వీధి పిల్లలను సైగతో తరిమి, రాత్రి తొమ్మిదికి మరల అన్నం వేడిచేసిన అమ్మకు ఏ షిఫ్టు? ఆయన పగటి నిద్ర ఆమె మౌనంతో నేసినది. ఎనిమిది గంటల లెక్క వ్రాసినవారెవరూ మా వంటింటి గడప దాటి చూడలేదు. నేను పెరిగి పెద్దవాడనై, ఎం.ఏ. చదివి, శ్రమను గురించిన హిందీ వ్యాసాలు ఎన్నో తెలుగు చేసినాను. వాటిలో ఒక్కటైనా ఆమెకు చదివి వినిపించినవాడను కాను.

2025 జూన్, జూలై నెలలలో శుభాంశు శుక్లా ఆ కేంద్రంలో పదునెనిమిది దినాలున్నారు. మెంతులు, పెసలు మొలకెత్తించినారు. వెంట తీసుకొనిపోయిన క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా తోటివారితో పంచుకొన్నారు. ఆ వార్తను మా పేటలో హల్వా దుకాణాల వద్ద ఎంతో ఉత్సాహంగా చెప్పుకొన్నారు. అమ్మకు నేను ఆ సంగతి చెప్పినాను. ఆమె శ్రద్ధగా విని, "గిన్నెలు ఎవరు కడుగుతారు అక్కడ?" అని అడిగినది. అక్కడ గిన్నెలుండవని, అన్నీ సంచులలోనే తిందురని, తడిగుడ్డతో తుడిచివేతురని చెప్పినాను. ఆమె నవ్వినది.

నాన్నగారు ఉద్యోగం విరమించిన తరువాత కూడ చాలాకాలం 'ఎ' షిఫ్టు వేళకు, నాలుగు గంటలకే లేచి కూర్చునేవారు. లేచి, చీకటిలో చేతిగడియారం వెదకుకొని, వెళ్ళవలసిన పని లేదని గుర్తుకు వచ్చి, మరల పడుకొనేవారు. వంటింటిలో అప్పటికే దీపం వెలుగుతుండేది.