ఎన్ని నిద్రలు చేశారు?

మన పెద్దవాళ్ళు యాత్రను నిద్రలతో కొలిచేవారు. "కాశీలో తొమ్మిది నిద్రలు చేశాం" అని చెప్పుకునేది మా మామ్మ. ఎన్ని గుళ్ళు చూశారు, ఎన్ని ఘాట్లలో మునిగారు అన్నది తర్వాతి మాట. కొత్త కోడలు అత్తవారింట మూడు నిద్రలు చేయాలి. కొత్త ఇంట్లో పాలు పొంగించాక మూడు నిద్రలు చేయాలి. మొక్కున్నవాళ్ళు గుడి మంటపంలో ఒక నిద్ర చేసి, తెల్లారి స్నానం చేసి మరీ వస్తారు. గమనించారా, నిద్ర "పోవడం" కాదు, "చేయడం". స్నానం చేసినట్టూ పూజ చేసినట్టూ అదీ ఒక చేయవలసిన పనే అన్నమాట. ఒకచోట ఒళ్ళు మరిచి పడుకుంటే తప్ప ఆ చోటు మనది కాదని వాళ్ళ నమ్మకం కాబోలు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న జూన్‌లో మా అమ్మాయి వాళ్ళతో కలిసి అమెరికాలో, ఫ్లారిడా రాష్ట్రంలో ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డుకి వెళ్ళాను. అమ్మాయి, అల్లుడు, పదకొండేళ్ళ మనవరాలు, ఆరేళ్ళ మనవడు, నేను. మొత్తం అయిదు రోజుల ప్రయాణం. బయల్దేరడానికి నెల ముందునుంచీ ఆ ఇంట్లో ఒకటే చర్చ. అయిదు రోజుల్లో పార్కులకెన్ని, రిసార్టులో విశ్రాంతిగా గడపడానికెన్ని?

పార్కు అంటే మన మునిసిపాలిటీ పార్కు అనుకునేరు. అక్కడ ఒకటి కాదు, నాలుగున్నాయి. 1971లో మేజిక్ కింగ్‌డమ్, 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలిచేది, 1998లో ఏనిమల్ కింగ్‌డమ్. ఒక్కొక్కటీ ఒక్కో ఊరు. మా అల్లుడి లెక్క సులువైనది. నాలుగు పార్కులు, నాలుగు రోజులు. "అత్తయ్యగారూ, రోజులు పెరిగినకొద్దీ టిక్కెట్టులో రోజుకు పడే ఖరీదు తగ్గుతుంది. మూడు రోజులకి కొని ఆగిపోతే నష్టం కదండీ!" అన్నాడు. లెక్క ప్రకారం ఆ మాటలో తప్పేమీ లేదు. చీరల కొట్లో మూడు కొంటే నాలుగోది చవగ్గా వస్తుందంటే మనం మాత్రం ఊరుకుంటామా? అవసరం ఉందా లేదా అన్నది ఇంటికొచ్చాక ఆలోచిస్తాం.

అతన్ని పిసినారి అనడానికీ లేదు, దుబారా మనిషి అనడానికీ లేదు. ప్రైవేటు ఉద్యోగికి ఏడాదికి ఇన్ని రోజులు జీతంతో సెలవు ఇచ్చి తీరాలని అమెరికా దేశమంతటికీ వర్తించే చట్టం ఈనాటికీ లేదు. ఫ్రాన్సులో 1936లోనే రెండు వారాలు ఇవ్వాలని శాసనం చేశారు. అమెరికాలో మాత్రం ఇచ్చేవాడి దయ, పుచ్చుకునేవాడి ప్రాప్తం. సెలవు చెంచాతో కొలిచి పోసినట్టు దొరికే మనిషికి, ఆ చెంచాలోంచి ఒక్క చుక్క కింద పడ్డా ప్రాణం ఉసూరుమంటుంది. మన పూర్వపు యాత్రికులకి డబ్బు తక్కువ, రోజులు ఎక్కువ. ఇతనికి డబ్బుంది, రోజులే లేవు. అందుకే వాళ్ళు నిద్రలు లెక్కపెట్టారు, ఇతను రైడ్లు లెక్కపెడుతున్నాడు.

చివరికి నాలుగు రోజులు పార్కులకీ, ఒక రోజు రిసార్టుకీ కేటాయింపు జరిగింది. పార్కు రోజుల్లో కూడా మధ్యాహ్నం గదికి వచ్చి పడుకుని, సాయంత్రం మళ్ళీ వెళ్ళాలని ఒప్పందం. ఆ రోజు టిక్కెట్టు మీద ఎన్నిసార్లయినా బయటికొచ్చి లోపలికి వెళ్ళవచ్చు. పార్కుకీ రిసార్టుకీ మధ్య బస్సులు తిరుగుతూనే ఉంటాయి. అసలు మొదటి పార్కుతోబాటే, 1971లోనే, దాని పక్కన రెండు హోటళ్ళు కూడా కట్టారు. అందులో ఒకదాని మధ్యలోంచే మోనోరైలు దూసుకుపోతుంది. అంటే ఆట ఒక ఊళ్ళోనూ పడక ఇంకో ఊళ్ళోనూ ఉండకూడదని కట్టినవాళ్ళకి మొదటినుంచీ తెలుసు.

ఆ కట్టినవాళ్ళ కథ కాస్త చెప్పాలి. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్ళనీ లాస్ ఏంజెల్స్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడట. వాళ్ళు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని వేరుసెనగపప్పులు తినేవాడట. పిల్లలు ఆడుకుంటే పెద్దవాళ్ళు ఊరికే కూర్చోవడమేమిటి, ఇద్దరూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలి కదా అని ఆ బెంచీ మీదే ఆయనకు తోచిందట. ఆ ఊహే 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండు అయింది. ఫ్లారిడాలో ఇంకా పెద్దది కట్టాలని తలపెట్టి, 1966లో ఆయన పోయాడు. ఆయన అన్న రాయ్ డిస్నీకి అప్పటికి డెబ్భై మూడేళ్ళు. ఉద్యోగం చాలించి ఇంటిపట్టున ఉందామనుకున్న మనిషి, తమ్ముడి కోరిక తీరాలని రిటైర్మెంటు వాయిదా వేసుకుని పనంతా భుజాన వేసుకున్నాడు. 1971 అక్టోబరు 1న పార్కు తెరిచారు. దానికి తమ్ముడి పూర్తి పేరు ఉండాలని పట్టుబట్టి పెట్టించాడు. అదే ఏడాది డిసెంబరు 20న పోయాడు. మూడు నెలలన్నా నిండలేదు. లోకమంతా వచ్చి సెలవులు గడిపే చోటు కట్టినవాడు, తన సెలవు మాత్రం వాయిదా వేసుకున్నాడు. మన ఇళ్ళల్లో "ఈ పెళ్ళి ఒక్కటీ అయితే", "ఈ ఇల్లు ఒక్కటీ పూర్తయితే" అంటూ నడుం వాల్చడం వాయిదా వేసుకునే ఆడవాళ్ళందరూ నాకు గుర్తొచ్చారు.

మొదటి రెండు రోజులూ ఒప్పందం ప్రకారమే నడిచాయి. జూన్‌లో ఫ్లారిడా ఎండ మనకేం కొత్త కాదు, అచ్చం బెజవాడ ఉక్కపోతే. మధ్యాహ్నం దాటేసరికి ఉరుములూ మెరుపులూ. పిడుగుల భయానికి ఆరుబయట రైడ్లన్నీ ఆపేస్తారు. అల్లుడి మొహం చూస్తే జాలేసింది. నాకు మాత్రం అది దేవుడు బలవంతంగా ఇచ్చిన ఇంటర్వెల్ అనిపించింది. గదికి చేరాక అతను అన్న మాట: "గంటన్నర పడుకుందాం. సాయంత్రం ఇంకో నాలుగు రైడ్లు ఎక్కొచ్చు."

ఆ మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. పడుకోవడం దేనికయ్యా అంటే, మళ్ళీ పరిగెత్తడానికి! రాత్రి సెల్‌ఫోను ఛార్జింగు పెట్టినట్టు. రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే అరిస్టాటిల్ ఈ తేడా చెప్పాడు. ఆటపాటలు పనిలో అలిసినవాడికి మందు లాంటివి, మందును మందులాగే వాడాలి అన్నాడు. తీరిక అలా కాదు, అది దేనికోసమూ కాదు, మనిషి పని చేసేదే తీరిక కోసం అన్నాడు. స్కూలు అనే మాట కూడా తీరిక అనే గ్రీకు మాటలోంచే పుట్టిందంటే మన పిల్లలు నమ్ముతారా? ఆయన చెప్పినట్టు చూస్తే మా అల్లుడి మధ్యాహ్నపు నిద్ర విశ్రాంతి కాదు, మందుకి మందు. అయితే అరిస్టాటిల్ ఇంట్లో వంటా వార్పూ చూసింది ఆయన కాదన్న సంగతి కూడా మనం మరిచిపోకూడదు. తీరిక గురించి తీరిగ్గా రాసిన మగవాళ్ళందరి ఇళ్ళల్లోనూ తీరిక లేనివాళ్ళు కొందరు ఉండే ఉంటారు.

ఆ సంగతి మూడోరోజు తేటతెల్లమైంది. ఆ రోజే రిసార్టు రోజు. ఈతకొలను, చెట్లకింద వాలుకుర్చీలు, చల్లటి గాలి. స్వర్గమే. పిల్లలు తొమ్మిదింటికే నీళ్ళల్లో దిగారు. అల్లుడు వాలుకుర్చీలో కాళ్ళు చాపి నిమిషంలో గురకపెట్టాడు. మా అమ్మాయి మాత్రం కనిపించదే! గదికి వెళ్ళి చూస్తే, నిన్నటి తడి బట్టలు పిండి బాల్కనీలో కుర్చీల మీద ఆరేస్తోంది. ఆ గదికి ఒక బుల్లి వంటిల్లు ఉండడం వరమో శాపమో గానీ, అందులో కుక్కరు కూత పెడుతోంది. పెట్టెలో మాగాయా కందిపొడీ ఉండనే ఉన్నాయి.

"ఇదేమిటే, ఇవాళ విశ్రాంతి రోజు కదా!" అన్నాను.

"విశ్రాంతి నాక్కాదమ్మా, టిక్కెట్టుకి" అంది నవ్వుతూనే. కాసేపాగి, "నిజం చెప్పనా? నాకు పార్కే రెస్టు. అక్కడ ఫోన్లో వరసలు చూసుకోవడం, టిక్కెట్లు, దారులు, చిన్నాణ్ణి భుజాన ఎత్తుకోవడం అన్నీ ఆయనే. నేను ఊరికే వెంట నడుస్తాను. గదిలో ఉన్నామా, ఇల్లు మొదలైనట్టే" అంది.

నెల రోజులపాటు అంత చర్చ జరిగినా అది ఏ పక్షమూ ఎందుకు మాట్లాడలేదో అప్పుడర్థమైంది. పార్కులో పని అల్లుడిది, గదిలో పని అమ్మాయిది. అతను పార్కులో చేసేది చిన్న చాకిరీ ఏం కాదు. క్యూ తప్పించుకోవడానికి 1999లో ఉచితంగా ఒక పద్ధతి పెట్టారట. 2021 నుంచి ఆ సదుపాయానికి విడిగా డబ్బు కట్టాలి. దాని వేళలు చూసుకుంటూ అతను రోజంతా ఫోనుకి అంటుకుపోయి, వినోదానికి గుమాస్తాగిరీ చేశాడు పాపం. కాబట్టి పార్కులకెన్ని రోజులు, రిసార్టుకెన్ని రోజులు అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎవరి చెయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుంది అన్నది ప్రశ్న. అది ఏ టిక్కెట్టు మీదా రాసి ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఇళ్ళల్లో ఆడది "నేను రాను, మీరు వెళ్ళిరండి" అంటే దానికి ఒకటే అర్థం. అలిగింది! లేదా ఒంట్లో బాగాలేదు. ఊరికే కూర్చోవాలనిపించి కూర్చుంటాను అంటే ఎవరూ నమ్మరు. ఒకటికి పదిసార్లు "ఏమైంది?" అని అడుగుతారు. ఆ అడగడానికి భయపడే చాలామంది లేచి చెప్పులు తొడుక్కుంటారు. మగవాడు "మీరు వెళ్ళండోయ్" అంటే అలిసిపోయాడు అంటారు. తల్లి అంటే తప్పు చేసినట్టు. అందరూ కలిసి వెళ్ళినప్పుడు ఒకరు పక్కన కూర్చోవడం స్వార్థమా? కలిసి ఉండడమంటే అందరూ ఒకే బండిలో ఎక్కి ఒకేసారి కేకలు పెట్టడమేనా?

ఇక్కడే నాకు వాల్ట్ డిస్నీగారితో పేచీ. ఆయన బెంచీ మీద కూర్చుని విసుగుపడ్డాడు. అది ఆయన తత్వం. పని లేకుండా ఉండలేని మనిషి. కానీ ఆ కూతుళ్ళ సంగతేమిటి? రాట్నం తిరిగి తిరిగి ఎదురుగా వచ్చిన ప్రతిసారీ నాన్న అక్కడే ఉన్నాడు అని చూసుకుని ఉంటారు కదా. నేనూ నాలుగోరోజు మేజిక్ కింగ్‌డమ్‌లో ఆ పనే చేశాను. అక్కడి రంగులరాట్నం 1917లో చేసినది, పార్కు కంటే యాభై నాలుగేళ్ళు పెద్దది. నేను ఎక్కనని, నాకేమీ కాలేదని, అలగలేదని ముందే మూడు మాటలూ చెప్పేసి ఓ నీడపట్టున కూర్చున్నాను. మనవడు ప్రతి చుట్టుకీ చెయ్యి ఊపాడు. వాడు కనబడని ఆ అరనిమిషంలో నేను దేన్ని గురించీ ఆలోచించలేదు. పక్కన నా వయసావిడే ఒకావిడ బూట్లు విప్పి పాదాలు ఒత్తుకుంటోంది. భాష అక్కర్లేకుండానే ఒకళ్ళనొకళ్ళం చూసి నవ్వుకున్నాం.

అంతా కూర్చోవడంలోనే ఉందని నేననను. మా మనవరాలికి ఆ కొండ రైళ్ళ మీద కలిగిన సంతోషం బెంచీ మీద దొరకదు. రాత్రి బాణసంచా చూస్తూ ఆరేళ్ళవాడు తండ్రి భుజం మీదే నిద్రపోతే, ఆ బరువు అల్లుడికి ఎంత ఇష్టంగా ఉందో చూశాను. డబ్బు పోసి కొన్న గంటల్లో మంచివి లేవని ఎవరన్నారు? డబ్బు పోసిన గంట "నన్ను వాడుకో, నన్ను వాడుకో" అని అరుస్తుంది. కొనని గంట నోరు విప్పదు. ఇంట్లో అరిచేవాళ్ళకే ముందు వడ్డిస్తాం, అది కూడా మనకి తెలిసిందే.

అయిదోరోజు పొద్దున్న కాఫీ తాగుతూ అల్లుడితో అన్నాను. "బాబూ, ఇవాళ మధ్యాహ్నం అమ్మాయి ఒక్కతీ ఎక్కడన్నా కూర్చుంటుంది. ఎక్కడ అని అడక్కు, ఎందుకు అనీ అడక్కు. పిల్లలూ, బట్టలూ నువ్వు చూడు. నేను కూడా సాయం చెయ్యను." అతను ఒక్క క్షణం తెల్లబోయి, ఆమె వంక చూసి, "కోపమా?" అన్నాడు. మా అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వి, పుస్తకమన్నా తీసుకోకుండా చెరువు గట్టుకేసి వెళ్ళిపోయింది. రెండు గంటలదాకా రాలేదు.

ఈలోపల అతను పిల్లలకి పెరుగన్నం కలిపి పెట్టాడు. ఈత బట్టలు పిండి బాల్కనీలో ఆరేశాడు. నీళ్ళు ఓడుతున్నవి ఓడుతున్నట్టే, ఒకదాని మీద ఒకటి, చేతులు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. నాకు చెయ్యి లాగింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.