చివరి చుట్టు వరకు

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 9:24-27

ప్రియులారా, భిలాయి-3లోని మన తెలుగు యౌవనులు కొందరు మోటారుసైకిలు పందెములను మిక్కిలి ఆసక్తితో చూచెదరు. 1988లో ఆరంభమైన ప్రపంచ సూపర్‌బైక్ పోటీలలో, అంగడిలో అమ్మబడు బండ్లను ఆధారము చేసికొని సిద్ధపరచిన వాహనములే పరుగెత్తును. జోనథన్ రే 2015 మొదలు 2020 వరకు వరుసగా ఆరుమారులు ప్రపంచ విజేత ఆయెను.

వేగమొక్కటే అక్కడ జయమునియ్యదు. నేర్పరియైన రౌతు ముందువాని వెనుక, గాలి తాకిడి తగ్గినచోట, ఓపికతో సాగును. టైర్లు త్వరగా అరిగిపోకుండ తన చేతిని అదుపులో ఉంచుకొనును. చివరి చుట్టులో సమయమెరిగి ముందుకు దూకును. ఆరంభమందే టైర్ల పట్టును పోగొట్టుకొనినవాడు అంతమందు వెనుకబడును. పందెగాని మితమును గూర్చి పౌలు బోధించినది ఇదియే గదా!

మనమో వేగమును నేర్చుకొని నిగ్రహమును విడిచిపెట్టుచున్నాము. పందెపు బాటలో అందరును ఒకే దిక్కునకు పోవుదురు. ఎదురుగా లారీ రాదు, పసిబిడ్డ అడ్డముగా పరుగెత్తదు. మన వీధి అట్టిది కాదు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చు కుమారుని కొరకు తల్లి గుమ్మమున నిలిచియున్నది. సోదరుడా, ఆమెకు నీ వేగముతో పనిలేదు. నీవు క్షేమముగా ఇల్లు చేరుటయే చాలును.

ప్రార్థన: ప్రభువా, మా చేతికి బలమును, ఆ బలమునకు కళ్లెమును దయచేయుము. ఆమేన్.