గట్టు దాటిన నష్టం

మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో (1867) తేనెటీగను, ఇల్లు కట్టే శిల్పిని పోల్చి చూపిన సంగతి మన పాఠకులు చాలామంది ఎరుగుదురు. తేనెటీగ అల్లిక ఎంత లెక్కగా ఉన్నా అది స్వభావం చేత చేసేది. మనిషి మాత్రం ఫలితాన్ని ముందు ఊహించి పనికి దిగుతాడు. ఆ పోలిక సారాంశం ఇది. దీన్ని మనం మానవుడి ఘనతకు నిదర్శనంగా ఉదహరిస్తూ ఉంటాం. నాకు ఇందులో ఘనత కంటే పూచీ ఎక్కువ కనిపిస్తుంది. ఫలితాన్ని ఊహించగలిగినవాడు, ఊహించగలిగిన నష్టానికి కూడా పూచీ పడాలి గదా! ఈ మాటను పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నేల మీద, తేనెటీగ విషయంలోనే పరీక్షించి చూద్దాం.

భూమి లేని పేదలకు తేనెటీగల పెంపకం మంచి ఉపాధి అని చాలాకాలంగా చెబుతున్నారు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో ‘హనీ మిషన్’ ప్రారంభించి పెట్టెలు పంచుతూ వచ్చింది. పెట్టెలు పెట్టుకోవటానికి సెంటు భూమి చాలు, మేత ఊరందరి పూలలో ఉన్నది అంటారు. వినటానికి బాగానే ఉంది. కాని ఊరందరి పూలు ఎవరి పూలు? నల్లరేగడిలో అవి పత్తి పూలు, మిరప పూలు. పత్తికి పువ్వులోనే కాదు, ఆకు ఈనె మీద కూడా తియ్యని రసం ఊరుతుంది. ఈగ అక్కడికి పోక మానదు. పోయినది మందు తగిలి తిరిగి రాకపోవచ్చు. కనుక పెట్టెలవాడు పొలాలకు దూరంగా, ఎవరికీ అక్కరలేని నేలకు జరగవలసి వస్తుంది: కృష్ణ లంకల అంచులకు, మురుగు కాలవల గట్లకు, నిజాంపట్నం వైపు మడ అడవుల ఒడ్డుకు. అక్కడ కానుగ, సర్కారు తుమ్మ, మడచెట్లు పూస్తాయి. మందు కొట్టేవారు తక్కువ. ఇది వట్టి ఊహ కాదు. బెంగాలు సుందరవనాల్లో మడ అడవి పూతను నమ్ముకుని పెట్టెలు పెట్టి తేనె తీస్తున్నారు.

అయితే చిత్తడి నేల ఊరికే ఏదీ ఇవ్వదు. పెట్టెను పాత వరద మట్టానికి పైన మంచె మీద ఎక్కించాలి. చీమలు పాకకుండా మంచె కాళ్లను నీళ్ల చిప్పల్లో ఉంచాలి. వాన నీరు లోపల నిలవకుండా పెట్టెను కొంచెం ముందుకు వంచాలి. గాలిలో తేమ హెచ్చితే ఈగలు రెక్కలతో ఎంత విసిరినా తేనె పలచగానే ఉంటుంది. గదులకు మూత పడకముందే తీస్తే పులిసిపోతుంది. ఇక వరద వస్తే, మేతకు పోయిన ఈగలన్నీ ఇల్లు చేరాక, చీకట్లో పెట్టెలను కదిలించి రెండు మూడు కిలోమీటర్లు దాటించాలి. నాలుగు గజాలు జరిపితే లాభం లేదు. ఈగ గుర్తుపెట్టుకునేది చోటును గాని పెట్టెను కాదు. మరునాడు మేతకు పోయినవి పాత చోటికే తిరిగివచ్చి నీళ్ల మీద చుట్లు కొడతాయి.

ఇంత కష్టం పెట్టినా వరదకు ఒక మర్యాద ఉన్నది: చెప్పి వస్తుంది. ఎగువన శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తిన వార్త ముందే చేరుతుంది. ప్రకాశం బ్యారేజి దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండవ ప్రమాద హెచ్చరిక వెలువడతాయి. 2009 అక్టోబరులో, 2024 సెప్టెంబరులో బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం లంకలను ముంచింది. హెచ్చరిక పంట నష్టాన్ని ఆపదు. కదలటానికి వ్యవధి ఇస్తుంది. పక్క పొలంలో కొట్టే మందుకు ఆ వ్యవధి కూడా లేదు. నదికున్నపాటి మర్యాద పొరుగువాడికి లేకపోయిందేం?

‘రైతు దురాశ’ అని జవాబు చెప్పి తప్పుకునేవారున్నారు. 1987-88లో ఈ జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడ్డప్పుడు రైతు మందు మీద మందు కొట్టాడు. దోమ చావలేదు, అప్పు పెరిగింది, పలువురు రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. 2002లో వచ్చిన బీటీ పత్తి కాయతొలిచే పురుగును ఉద్దేశించినది. రసం పీల్చే పురుగులకు మందు కొట్టక తప్పలేదు. 2021లో మిరప మీద కొత్త జాతి తామర పురుగులు పడ్డప్పుడు మళ్లీ అదే కథ. అప్పిచ్చేవాడు, మందు అమ్మేవాడు, ఏ మందు కొట్టాలో చెప్పేవాడు ఒక్కడే అయినచోట కౌలురైతు స్వేచ్ఛ ఏపాటిది?

‘నష్టపోయినవాడు న్యాయస్థానానికి పోవచ్చు గదా’ అని మరొకరంటారు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ క్రోడీకరింపజేసిన రోమన్ చట్టం తేనెటీగలను అడవి ప్రాణులుగా ఎంచింది. పెట్టె విడిచి లేచిన గుంపు కంటికి కనబడుతూ, వెంబడించటానికి వీలుగా ఉన్నంతవరకే యజమానిది. సొంత ఆస్తి భావన ఈగ విషయంలో ఎంత దూరం పోగలదో ఆనాడే తేలిపోయింది. ఏ పొలంలో ఏ మందు తగిలి చచ్చిందో ఈగ వచ్చి సాక్ష్యం చెప్పదు. గట్లను బట్టి నడిచే న్యాయం గట్టు దాటిన నష్టాన్ని కొలవలేదు.

కాబట్టి ఈ పూచీని ఒక్కొక్కరి మంచితనానికి వదిలితే అది నీతిబోధగానే మిగిలిపోతుంది. పూత మీద మందు కొట్టకపోవటం, తప్పనప్పుడు ఈగలు ఇల్లు చేరిన సాయంత్రం వేళ కొట్టటం, ముందురోజు ఊళ్లో చాటింపు వెయ్యటం పెద్ద ఖర్చు లేని పనులే. ఊరంతా ఒప్పుకుంటేనే పనికొస్తాయి. అసలు మందు వాడకమే తగ్గాలంటే రైతుకు మందుల దుకాణం కాక మరో సలహాదారు, మరో అప్పు దొరకాలి. 2018లో యూరప్ సమాఖ్య ఈగలకు హాని చేసే మూడు నియోనికోటినాయిడ్ మందులను ఆరుబయట పంటలపై నిషేధించింది. అక్కడి రైతులంతా ఒక్కనాడు ధర్మాత్ములైపోయారని ఎవరూ అనరు. సమాజం తన పూచీని చట్టంగా రాసుకున్నది, అంతే.

తేనెటీగ గట్టును ఎరగదు. అది దాని స్వభావం. గట్టు అవతల ఏం జరుగుతుందో ఎరిగి కూడా ఎరగనట్లుండటాన్ని మన స్వభావమని సరిపెట్టుకోలేం. అది మనం కట్టుకున్న ఏర్పాటు. కట్టుకున్నదాన్ని మార్చి కట్టుకోవటం కూడా మనిషి పనే.