ఇంటి గుట్టు

"ఇంటి గుట్టు లంకకు చేటు" అను సామెత మన తెలుగిండ్లలో బిడ్డలకు ఉగ్గుతోడనే పట్టబడుచున్నది. ఇంటిలోని కలతను పరునికి చెప్పుట దోషమనియు, చెప్పినవాడు ఇంటిదొంగ యనియు దాని తాత్పర్యముగా గ్రహించుచున్నాము. ఇప్పుడు మన పట్టణములలో కుటుంబచికిత్స యను నొక విద్య కొంచెముకొంచెముగా వ్యాపించుచున్నది. ఇంటివారందరును ఒక పరాయివాని యెదుట కూర్చుండి తమ కలతలను విప్పి చెప్పుకొనుట దాని పద్ధతి. ఇది మర్యాదయేనా యని సంశయించువారు మా మిత్రులలోనే పలువురు గలరు. ఆ సంశయము త్రోసివేయదగినది కాదు, విచారింపదగినది.

ముందు సామెతనే విచారింతము. విభీషణుడు రాముని కడకు పోకమునుపు తన మాటను అన్నగారి కొలువులోనే చెప్పెను. కుంభకర్ణుడు సైతము అన్న చేసిన పని కూడనిదని నిష్ఠురమాడెను. పిమ్మట మాల్యవంతుడును బుద్ధి చెప్పిచూచెను. వినువాడు లేడు. లోపల వినబడని మాటయే గుట్టై బయటికి పోయినది. సామెత చెప్పువారు ఈ పూర్వకథను సాధారణముగా విడిచిపెట్టుదురు.

ఇంతకును గుట్టును దాచు భారము ఎవరిపై నున్నది? ఇంటి పెద్ద తన కోపమును వీథియరుగుమీదనే వెళ్లగ్రక్కును. దానిని గుట్టు బయటపెట్టుట యని ఎవరును అనరు. కోడలు పుట్టింట ఒక్కమాట చెప్పినచో అది గుట్టు. సంపాదన తక్కువైన తమ్ముడు నోరు విప్పినచో అది గుట్టు. మౌనము ఇంటిలో అందరికిని సమముగా పంచబడలేదు. బలము తక్కువైనవారి వంతునకే అది ఎక్కువగా వచ్చినది. పరువు పేరిట మనము కాపాడుచున్నది ఇంటినా, ఇంటిలో కొందరి సౌకర్యమునా యని అడుగుకొనక తప్పదు.

ఈ విద్య పాశ్చాత్యులది, మనకేల యనువారు గలరు. అమెరికాలో 1950వ దశకమున ఏకర్‌మన్, బోవెన్ మొదలగు మనోవైద్యులు రోగి నొక్కనినే చూచుట చాలదని కుటుంబమును పిలువ నారంభించిన మాట నిజమే. మినూచిన్ అను వైద్యుడు న్యూయార్కు ప్రాంతమున దారితప్పిన బీదబాలుర పాఠశాలలో పనిచేయుచు, బాలుని మాత్రమే దిద్దిన ప్రయోజనము లేదని గ్రహించెను. ఉపాధ్యాయులమైన మాకు ఈ మాట చక్కగా తెలియును. కాని అదే దశకమున అమృతసర్ మానసిక చికిత్సాలయమున డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలో డేరాలు వేయించి నిలుపుకొని, వారిని చికిత్సలో పాలివారిని చేసెను. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారును ఆ దారి త్రొక్కిరి. సంస్కృతమున చికిత్సాశబ్దమునకు మూలమైన "కిత్" ధాతువునకు రోగమును తొలగించుట యనియే గాక నివసించుట యనియు అర్థము గలదు. ఇల్లనెడి "నికేతనము" కూడ దానినుండియే పుట్టినది. ఇది వాదము కాదు; పండితుల కొక వినోదము.

ఇక లోపల జరుగున దేమి? ఒక యింటిని ఊహింతము. పదునాలుగేండ్ల బాలుడు ప్రతి ఉదయమును కడుపునొప్పి యని బడి మానుచున్నాడు. వైద్యులు పరీక్షించి దేహమున రోగము కానరాలేదనిరి. ఇంటివారు వానిని చికిత్సకురాలి ముందు నిలిపి, వీనికి బుద్ధి చెప్పుమందురు. ఆమె తల్లిదండ్రులను, నాయనమ్మను, చెల్లెలిని కూడ రమ్మనును. "బాబుకు నొప్పి వచ్చినప్పుడు ముందుగా ఎవరు లేచి వస్తారు? అప్పుడు నాన్నగారు ఏమి చేస్తారు?" అని ఒకరి సంగతి మరియొకరిని అడుగును. ఎవరును ఎదురుచూడని వేళ చెల్లెలు చెప్పును: "అన్నయ్య ఇంట్లో ఉన్న రోజున అమ్మా, నాయనమ్మా పోట్లాడుకోరు."

బాలుడు నటించుట లేదు; వాని నొప్పి నొప్పియే. ఎవరును కుట్ర పన్నలేదు. కాని ఇంటి కలత నంతయు వాడొక్కడు మోయుచున్నాడు. అది తెలిసిన పిదప పని మారును. నొప్పి వచ్చిన ఉదయమున తల్లికి బదులు తండ్రి వానికడ కూర్చుండవలెను. అత్తాకోడండ్రు తమ తగవును బిడ్డ లేనిచోట, తండ్రి యెదుట మాటలాడుకొనవలెను. ఇట్టి పనులు ఒప్పగించి, వారమునకో పక్షమునకో మరల రమ్మందురు. ఒక్కొక్క కూటము గంటయో, గంటన్నరయో పట్టును. కొన్ని నెలలు సాగవచ్చును.

పెద్దమనుషుల పంచాయతికిని దీనికిని భేదమిదియే: అక్కడ తీర్పు గలదు, ఇక్కడ లేదు. తప్పెవరిదను ప్రశ్నను మంచి చికిత్సకులు పట్టించుకొనరు. ఈ శాస్త్రమును మొదట తప్పులు చేయకపోలేదు. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధికి తల్లి పెంపకమే కారణమని ఒకప్పుడు నిందించిరి. ఆ మాట నిలువలేదు. ఎందరు తల్లులు దానివలన కుమిలిరో! అట్టి వ్యాధికి మందు కావలెను. కుటుంబచికిత్స దానికి తోడుమాత్రమే.

మామగారి యెదుట కోడలు మాటలాడుట అవిధేయత కాదా యని అడుగుదురు. తెలివిగల చికిత్సకులు పెద్దలకు ముందుగా మాట యిచ్చి, వారి అనుమతితోనే చిన్నవారిని అడుగుదురు. గౌరవము చెడదు. అయితే కొట్టుట, బెదరించుట గల యింట అందరిని ఒక్కచోట కూర్చుండబెట్టుట అపాయము. గదిలో చెప్పిన మాటకు ఇంటికడ దెబ్బ తప్పదు. కనుక ముందు విడివిడిగా అడుగవలెను. అట్టి స్త్రీకి ముందు కావలసినది రక్షణము. 2005 నాటి గృహహింస చట్టమును, 181 అను టెలిఫోను సంఖ్యయు అందులకే యున్నవి.

చికిత్సకుని వెదకుట సులభము కాదు. కుటుంబచికిత్సకుడను పేర మన దేశమున ప్రత్యేక లైసెన్సు లేనందున బోర్డును చూచి నమ్మరాదు. మనోవైద్యశాస్త్రమున ఎం.డి. పట్టము గలవారో, భారత పునరావాస మండలి పట్టికలో చేరిన క్లినికల్ సైకాలజిస్టులో, మనోవైద్య సామాజికసేవలో ఎం.ఫిల్. చేసినవారో తగుదురు. విశాఖపట్టణము, హైదరాబాదు ఎర్రగడ్డలలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలల నడుగవచ్చును. 2022లో నెలకొల్పబడిన టెలిమానస్ వారి 14416 సంఖ్యకు తెలుగులోనే మాటలాడవచ్చును. బెంగుళూరు నిమ్హాన్స్‌లో కుటుంబచికిత్సకు ప్రత్యేక విభాగమే కలదు.

పోయినవారు సిగ్గుపడక అడుగవలసిన ప్రశ్నలు గలవు. కుటుంబములతో పనిచేయుటలో తమకు శిక్షణ ఎక్కడ? రుసుమెంత? ఒకరు విడిగా చెప్పిన రహస్యమును మీరేమి చేయుదురు? ఈ కడపటిదానికి స్పష్టమైన జవాబు లేనివారిని విడిచిపెట్టుటయే మేలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి గోప్యమును హక్కుగా నొసగినది. ఒక పక్షము వినినంతనే తప్పు తేల్చువారిని, ఫలితము తప్పదని మాట యిచ్చువారిని మేము నమ్మము.

తరచుగా ఇంటి యజమాని "నాకేమీ పిచ్చి లేదు, నేను రాను" అనును. వచ్చిన యిద్దరితోనైనను పని మొదలిడవచ్చును. వారు మారినకొలది మిగిలినవారి నడతయు కొంత మారవచ్చును. ఆయనను దోషిగా పిలిచినచో రాడు. "ఇంటి సంగతి మీకు తెలిసినట్లు మాకు తెలియదు, ఒక్కమారు వచ్చి చెప్పండి" అని పిలిచి చూడవలెను. తొలిదినమున ఏమియు మాటలాడక వినుచు కూర్చున్నను చాలునని ముందుగానే చెప్పి తోడ్కొనిపోవచ్చును.